సీఈ టెస్ట్ ల్యాబ్‌లో మూడు రోజులు: డబ్బు దేనికి కట్టామంటే

యూరప్‌లో అమ్మే వస్తువుల మీద కనిపించే సీఈ గుర్తు కోసం మా పరికరానికి పరీక్షలు చేయించిన ల్యాబ్ మీద రివ్యూ ఇది. ముందే మార్కులు చెప్పేస్తాను. రేడియో రొద కొలిచే చాంబర్‌కి, అందులో పనిచేసే పెద్దాయనకి ఐదుకి ఐదు. ఆఫీసుకి రెండు. మొత్తం మీద నాలుగు వేశాను. లెక్క సరిపోదని తెలుసు, కానీ పెద్దాయన వైపు మొగ్గు ఎక్కువ.

ల్యాబ్ పేరు రాయడం లేదు. రిపోర్ట్ గురించి నాలుగు మాటలు అనబోతున్నాను, పైగా మళ్లీ వాళ్ల గడప తొక్కాల్సిన పని ఉంది. న్యూరెంబర్గ్ నుంచి కారులో ముప్పావు గంట. మే నెల కాబట్టి దారికి రెండు వైపులా రేప్‌సీడ్ పొలాలు పసుపు ఆరబోసినట్టున్నాయి. వాటి మధ్యలో కిటికీలు లేని ఒక పెద్ద షెడ్డు. అదే ల్యాబ్.

మాది పదకొండు మంది ఉన్న కంపెనీ. బేకరీల్లో ఓవెన్ల వేడి, కరెంటు వాడకం చదివి నెట్‌వర్క్‌లోకి పంపే చిన్న డబ్బా తయారు చేస్తాం. కరెంటు ప్యానెల్ లోపల 35 మిల్లీమీటర్ల డిన్ రైలు (పరికరాలు బిగించే లోహపు పట్టీ) మీద టక్కుమని కూర్చుంటుంది. ఆ రైలు వెడల్పు కూడా ఒక యూరప్ స్టాండర్డే, ఈఎన్ 60715. ఎవరి డబ్బా అయినా ఎవరి ప్యానెల్‌లోనైనా పట్టేస్తుంది. ఇది ఎవరూ మెచ్చుకోని గొప్పతనం. మంచి స్టాండర్డ్ ఉన్నచోట ఉన్నట్టే తెలీదు.

మా డబ్బాలో వైఫై ఉంది. వైఫై ఉందంటే యూరప్‌లో అది రేడియో పరికరం కింద లెక్క, 2014/53 నంబరు రేడియో డైరెక్టివ్ (సభ్యదేశాలన్నీ అమలు చేయాల్సిన యూరప్ చట్టం) వర్తిస్తుంది. ఇంటర్నెట్‌కి తగిలించే రేడియో పరికరాలకి 2025 ఆగస్టు 1 నుంచి సైబర్ భద్రత నియమాలు కూడా దానికి తోడయ్యాయి. మేం కొత్త మోడల్ అమ్మకాలు మొదలుపెట్టాలనుకున్నది సెప్టెంబర్‌లో. అందుకే మేలో పరుగు.

మా సేల్స్ చూసుకునే కుర్రాడు ఆ నెలంతా ఒకటే ప్రశ్న: "సీఈ సర్టిఫికెట్ ఎప్పుడు వస్తుంది?" రాదు నాయనా, మా డబ్బాలాంటి వాటికి ఎవరూ ఇవ్వరు. డబ్బా మీద కనిపించే ఆ రెండక్షరాలు తయారుచేసినవాడు తనంతట తాను వేసుకునేవి. "ఈ వస్తువు ఫలానా చట్టాలకి లోబడి ఉంది" అని కంపెనీ ఒక కాగితం రాసి సంతకం పెడుతుంది. ఆధారాలన్నీ ఫైలు కట్టి పదేళ్లు దాచిపెడుతుంది. ల్యాబ్ కొలతలు ఇస్తుంది, అంతే. బయటి సంస్థ ఒప్పుకోలు తప్పనిసరి అయ్యేది కొన్ని రకాలకే, కొన్ని పరిస్థితుల్లోనే. ల్యాబ్‌కి డబ్బు కట్టగానే బరువు దిగిపోతుందని అనుకునేవాళ్లు ఈ రివ్యూ చదవడం ఇక్కడే ఆపినా నాకు సంతోషమే, ముఖ్యమైన సంగతి తెలిసిపోయింది.

ఇక బుకింగ్. మార్చిలో మెయిల్ పెడితే మేలో స్లాట్ దొరికింది. ఆగస్టు గడువు తరుముతోంది కాబట్టి అందరూ ఒకేసారి ఎగబడ్డారట. చాంబర్ రోజుకి 1,900 యూరోలు, వ్యాట్ అదనం. అందులో ఒక టెక్నీషియన్ కూడా కలిసి వస్తాడు. మొదట్లో నాకు గుండె గుభేలుమంది. మూడో రోజు సాయంత్రానికి మాత్రం ఆ డబ్బు చాంబర్‌కి కట్టలేదనిపించింది.

చాంబర్ అంటే చెప్పాలి. లోపల అడుగుపెట్టి తలుపు మూశాక చెవుల్లో దూది పెట్టినట్టుంటుంది. గోడల నిండా, పైకప్పు నిండా నల్లటి నురగ శంకువులు, మొనలన్నీ మనవైపే. రేడియో తరంగాలు గోడకి తగిలి వెనక్కి రాకుండా అవి మింగేస్తాయి. నేల మాత్రం లోహం. మధ్యలో తిరిగే బల్ల, దాని మీద మా డబ్బా. మూడు మీటర్ల దూరంలో ఒక కర్రకి యాంటెన్నా. బల్ల మెల్లగా చుట్టూ తిరుగుతుంది, యాంటెన్నా మీటరు ఎత్తు నుంచి నాలుగు మీటర్ల దాకా ఎక్కి దిగుతుంది. మన వస్తువు ఏ దిక్కున ఎక్కువ రొద చేస్తోందో వెతకడమే పని. ఫోన్ లోపలికి తీసుకెళ్తే సిగ్నల్ చచ్చిపోతుంది. లోపల ఉన్నంతసేపూ ఆఫీసు ఫోన్లు తప్పాయి, దీనికి అదనపు మార్కు వేయాలి.

మా టెక్నీషియన్‌కి రిటైర్మెంట్ దగ్గర్లో ఉంది. నీలం కోటు, జేబులో వెర్నియర్ కాలిపర్. డబ్బా చేతికి తీసుకుని ముందు ఆయన అడిగింది సర్క్యూట్ గురించి కాదు.

"దీన్ని ఎక్కడ పెడతారు?"

"బేకరీల్లో."

"బ్రెడ్ ఫ్యాక్టరీలోనా, వీధి మలుపులో ఉండే బేకరీలోనా?"

"రెండింట్లో. తేడా ఏముంది?"

"వీధి మలుపు బేకరీ పైన మనుషులు కాపురం ఉంటారు. వాళ్లకి రేడియో ఉంటుంది."

అప్పటిదాకా మా కాగితాల్లో క్లాస్ ఏ అని రాసుకున్నాం. అంటే ఇళ్లు లేని చోట వాడే వస్తువు. ఈఎన్ 55032 లెక్కలో 30 నుంచి 230 మెగాహెర్ట్జ్ మధ్య, మూడు మీటర్ల దూరంలో, బయటికి వచ్చే రేడియో రొదకి క్లాస్ ఏ హద్దు 50 డెసిబెల్. ఇళ్ల మధ్య వాడే క్లాస్ బీకి 40. పది డెసిబెల్ అంటే చిన్న మాట కాదు, తరంగం బలం మూడో వంతుకి పడిపోవాలి.

స్క్రీన్ మీద రొద కొలిచే గీత గీయడం మొదలైంది. అంతా కింద కింద పాకుతూ వెళ్తోంది. సరిగ్గా 125 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక ముల్లు లేచింది. 47. నేను ఊపిరి బిగబట్టాను. పెద్దాయన స్క్రీన్ మీద రెండు అడ్డగీతలు పెట్టి చూపించాడు. పై గీతకి మూడు డెసిబెల్ కింద ఉన్నాం, కింది గీతకి ఏడు డెసిబెల్ పైన ఉన్నాం. అదే డబ్బా, అదే ముల్లు. మేం కాగితం మీద ఏ అని రాస్తే పాస్, బీ అని రాస్తే ఫెయిల్.

"నేను రెండింటికీ రిపోర్ట్ ఇవ్వగలను," అన్నాడాయన. "అబద్ధం నా రిపోర్ట్‌లో ఉండదు. మీ సంతకంలో ఉంటుంది."

బయటికొచ్చి బాస్‌కి ఫోన్ చేశాను. మా కస్టమర్లలో నలభై దాకా చిన్న బేకరీలే, పైన ఇళ్లున్నవే. క్లాస్ ఏ అని అమ్మితే ఇళ్ల మధ్య వాడకూడదని మేమే హెచ్చరిక రాయాలి, తర్వాత కళ్లు మూసుకుని వాళ్లకే అమ్మాలి. పైవాటాలో ఎవరి రేడియోనో గరగరలాడితే ఫిర్యాదు బుండెస్‌నెట్జ్ అగెంటూర్‌కి వెళ్తుంది. మార్కెట్‌లోని రేడియో పరికరాలని తనిఖీ చేసేది జర్మనీలో ఆ సంస్థే. బాస్ ఓ నిమిషం మాట్లాడలేదు. "బీ చేయండి," అన్నాడు.

ఇక్కడి నుంచి పెద్దాయన పనితనం. ఈథర్‌నెట్ కేబుల్ పీకాడు, ముల్లు మాయం. పెట్టాడు, లేచింది. కేబులే యాంటెన్నా అయిందన్నమాట. మా సాకెట్ లోహపు తొడుగుని బోర్డు మీద సన్నటి పొడుగాటి దారంలాంటి ట్రేస్‌తో గ్రౌండ్‌కి కలిపాను. ఆ డిజైన్ నాదే, దాచేదేముంది. సొరుగులోంచి రాగి టేప్ చుట్ట తీసి, వేలెడు ముక్క కత్తిరించి, సాకెట్ తొడుగు నుంచి రైలుని పట్టుకునే స్ప్రింగ్ దాకా అంటించాడు. గోరుతో రుద్ది అంచులు అణిచాడు. మళ్లీ గీత. 36. పదకొండు డెసిబెల్ దిగింది. నేను రెండు నెలలు కూర్చుని చేసిన లేఅవుట్‌ని ఐదు నిమిషాల్లో టేప్ ముక్కతో సరిచేశాడు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. టేప్‌తో అమ్మలేం కదా, తర్వాత ఆ చోట స్ప్రింగ్ రేకు ఒకటి పెట్టాం. డబ్బాకి సెంట్లలో పోయే ఖర్చు.

కాలిపర్ సంగతి మరిచాను. మొదటిరోజే మా సీఈ గుర్తు ఎత్తు కొలిచి, "నాలుగు మిల్లీమీటర్లే, ఐదు ఉండాలి" అన్నాడు. మామూలు నియమం అదే. ఆ రాత్రి హోటల్‌లో డైరెక్టివ్ తిరగేస్తే 19వ ఆర్టికల్‌లో రేడియో పరికరాల మీద ఐదు కన్నా తక్కువున్నా పర్వాలేదు, కనిపించి చదవగలిగితే చాలని ఉంది. పొద్దున్నే చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివి, "నిజమే" అని తన నోటుబుక్కులో రాసుకున్నాడు. మూడు రోజుల్లో నా గెలుపు అదొక్కటే.

రెండో రోజు స్టాటిక్ కరెంటు దెబ్బలు. పిస్టల్‌లాంటి దానితో ముట్టుకుని 4 కిలోవోల్టులు, గాల్లోంచి 8 కిలోవోల్టులు. రీసెట్ బటన్ కన్నం దగ్గర 8 కొట్టగానే డబ్బా ఆగిపోయి, దానంతట అదే మళ్లీ లేచింది. నలభై సెకన్లు పట్టింది. పాసా ఫెయిలా? ఇలాంటి క్షణికమైన దెబ్బలకి దానంతట అది కోలుకుంటే చాలు, అయితే ఎంత మేరకు చెడిపోవచ్చో తయారీదారే ముందు రాసి ఇవ్వాలి. మళ్లీ బంతి మా కోర్టులోనే. నలభై సెకన్లు ఓవెన్ రీడింగ్ పోతే కస్టమర్ ఊరుకోడని కన్నాన్ని పక్కకి జరిపాం. మిగతా పరీక్షల్లో చెప్పుకోవాల్సిందేమీ లేదు, గడిచిపోయాయి.

కాఫీ మెషీన్ దగ్గర మాత్రం మంచి కాలక్షేపం. పెద్దాయన ఉద్యోగంలో చేరినప్పుడు సీఈ లేదు. జర్మనీలో రేడియోకి, ఫోన్‌కి పోస్టల్ శాఖ వాళ్ల డార్మ్‌స్టాట్ ఆఫీసు నుంచి ఎఫ్‌టీజెడ్ అనే అనుమతి నంబరు తెచ్చుకోవాలి. అదే వస్తువు ఫ్రాన్స్‌లో అమ్మాలంటే మొదట్నుంచీ మళ్లీ మొదలు. ఈ ముళ్లకంప తొలగడానికి దారి చూపించింది ఒక మద్యం సీసా. ఫ్రాన్స్ నుంచి కాసిస్ లిక్కర్ తెప్పించుకోబోతే, పండ్ల లిక్కర్‌లో 25 శాతం ఆల్కహాల్ ఉండాలి, ఇందులో 20కి మించి లేదని జర్మనీ అడ్డుకుంది. 1979లో యూరప్ కోర్టు కుదరదంది. ఒక సభ్యదేశంలో సక్రమంగా అమ్ముడయ్యే సరుకుని సరైన కారణం లేకుండా ఇంకొకరు ఆపకూడదు. మరి భద్రత సంగతి ఎవరు చూడాలి? అంతకుముందు చట్టంలోనే కొలతలన్నీ రాసేవారు. ట్రాక్టర్ డ్రైవర్ సీటు కోసమే 1978లో ఒక ప్రత్యేక డైరెక్టివ్ ఉందంటే నేను నమ్మలేదు, వెతికితే దొరికింది, 78/764. ఇలా అయితే తెల్లారదని 1985లో పద్ధతి మార్చారు. చట్టం "ప్రమాదం ఉండకూడదు, పక్క పరికరాలని ఇబ్బంది పెట్టకూడదు" అని ఊరుకుంటుంది. ఎలా అన్నది సెన్, సెనెలెక్, ఎట్సీ అనే మూడు సంస్థల కమిటీలు రాస్తాయి. అలా రాసిన స్టాండర్డ్ పేరు యూరోపియన్ యూనియన్ అధికార పత్రికలో పడితే, దాన్ని పాటించినవాడు చట్టాన్ని పాటించినట్టే అనుకుంటారు. విద్యుదయస్కాంత నియమాలు తప్పనిసరి అయిన 1996 జనవరి 1 నాటికి ఈ ల్యాబ్ ముందు లారీలు క్యూ కట్టాయని ఆయన ముచ్చట.

ఆ పద్ధతి బాగా పనిచేసిన కథ కూడా ఆయనే గుర్తుచేశాడు. కారు ఫోన్ల కాలంలో జర్మనీది సీ-నెట్జ్, స్వీడన్ వైపు ఎన్‌ఎంటీ, బ్రిటన్‌ది టాక్స్. సరిహద్దు దాటితే ఫోన్ బరువు తప్ప ఉపయోగం లేదు. 1987లో కోపెన్‌హాగెన్‌లో 13 దేశాల ఆపరేటర్లు జీఎస్‌ఎం అనే ఉమ్మడి మొబైల్ స్టాండర్డ్ మీద సంతకాలు పెట్టారు, 1991 జులై 1న ఫిన్లాండ్‌లో మొదటి కాల్ వెళ్లింది. నోకియా, ఎరిక్‌సన్‌ల హవా అంతా దాని తర్వాతే. ఆ మాట చెబుతూ ఆయన ఫోన్‌ని నా ల్యాప్‌టాప్ చార్జర్‌కే పెట్టుకున్నాడు. యూఎస్‌బీ-సీ 2024 డిసెంబర్ 28 నుంచి ఫోన్లకి తప్పనిసరి. 2009లో ఫోన్ కంపెనీలు తమంతట తాముగా ఒప్పుకున్న మైక్రో యూఎస్‌బీ ఒప్పందంతో పని పూర్తిగా కాలేదు కాబట్టే చట్టం దాకా వచ్చింది. స్వచ్ఛందంగా అన్నీ జరిగిపోతాయంటే నేను నమ్మను.

మూడో రోజు సైబర్ భద్రత. ఇది చాంబర్‌లో జరగదు, చిన్న గదిలో ప్రొజెక్టర్ వేసుకుని ప్రశ్నల వర్షం. మాకు వర్తించే స్టాండర్డ్ ఈఎన్ 18031-1. ఇక్కడ విధానం రాసేవాళ్ల మీద నాకు కోపం ఉంది. నియమం 2022లోనే వచ్చింది, అమలు 2024 ఆగస్టు అన్నారు. స్టాండర్డ్ సిద్ధం కాక ఏడాది వాయిదా వేశారు. దాని పేరు అధికార పత్రికలో పడింది 2025 జనవరి 30న. అంటే డిజైన్ చేసే మాలాంటివాళ్లకి మిగిలింది ఆరు నెలలు. పైగా షరతులతో పడింది. వాటిలో ఒకటి: వాడేవాడు పాస్‌వర్డ్ పెట్టుకోకుండా వదిలేసే వీలు ఉంటే, స్టాండర్డ్ పాటించినా చట్టం పాటించినట్టు లెక్క కాదు.

మా సెటప్ స్క్రీన్ మీద "తర్వాత పెట్టుకుంటాను" అని ఒక బటన్ ఉంది. పిండి చేతులతో ఉండే బేకరీ వాళ్లకి సులువుగా ఉంటుందని మేమే ముచ్చటపడి పెట్టాం. గదిలో ఉన్న అమ్మాయి, పాతికేళ్లు ఉంటాయేమో, ఆ బటన్ మీద లేజర్ చుక్క ఆపింది. "ఇది ఉంటే మీ సొంత డిక్లరేషన్ చెల్లదు. నోటిఫైడ్ బాడీ దగ్గరికి వెళ్లాలి." అంటే ఒప్పుకోలు ఇచ్చే అధికారం ఉన్న బయటి సంస్థ, ఇంకో ఫీజు, ఇంకో క్యూ. ఒక్క బటన్‌కి. మధ్యాహ్నానికల్లా మా సాఫ్ట్‌వేర్ అతను దాన్ని లేపేశాడు. ఇప్పుడు ప్రతి డబ్బాకి వేరే పాస్‌వర్డ్, పక్కన లేబుల్ మీద ముద్రించి ఇస్తున్నాం. ఆ నియమం మంచిదే, ఒప్పుకుంటాను. వచ్చిన తీరు మాత్రం పరీక్షకి ముందురోజు సిలబస్ మార్చినట్టుంది.

ఆ రోజే భోజనాల దగ్గర పెద్దాయన "ఇక మనం ఒకరినొకరం 'మీరు' అని పిలుచుకోవడం ఆపేద్దామా" అన్నాడు. జర్మన్‌లో ఈ మాట పెద్దవాళ్లే ముందు అనాలి. 'నువ్వు' అనడానికి నాకు నోరు తిరగలేదు, ఇప్పటికీ మెయిల్లో తడబడుతున్నాను.

ఇక తిట్లు. రెండు వారాల్లో రిపోర్ట్ అన్నారు, ఐదు వారాలు పట్టింది. వచ్చిన మొదటి ప్రతిలో నాలుగో పేజీలో మా డబ్బా ఫొటో బదులు ఎవరిదో పంపు కంట్రోలర్ ఉంది. అంతకన్నా ఘోరం, క్లాస్ బీకి పరీక్ష చేసి క్లాస్ ఏ అని టైపు చేశారు. ఆ ఒక్క అక్షరం కోసమే కదా అంత గొడవపడ్డాం! ఆఫీసుకి మూడు మెయిళ్లు పెడితే జవాబు లేదు, పెద్దాయనకి ఫోన్ చేస్తే సాయంత్రానికి సరిచేసిన ప్రతి వచ్చింది. కాబట్టి ఏ ల్యాబ్‌కి వెళ్లినా రిపోర్ట్‌ని మొదటి పేజీ చూసి ఫైల్లో పెట్టేయకండి. ఇంకొకటి కూడా చూసుకోండి: మీరు వాడే వైఫై మాడ్యూల్ రిపోర్ట్ ఏ వెర్షన్ స్టాండర్డ్‌కి చేశారో. మా మాడ్యూల్‌ది వైఫై స్టాండర్డ్ ఈఎన్ 300 328 వెర్షన్ 2.1.1కి చేసిన పాతది, అధికార పత్రికలో ఉన్నది 2.2.2. మాడ్యూల్ కంపెనీని అడిగితే కొత్తది వెంటనే పంపింది. అడగకపోతే ఎవరూ చెప్పరు.

ల్యాబ్ తప్పు కాని ఖర్చు ఒకటుంది, బడ్జెట్‌లో రాసుకోవాలి: స్టాండర్డ్‌ల పత్రాలు. పాటించమనేది చట్టం, చదవాలంటే కొనుక్కోవాలి. ఒక్కోటి వంద యూరోల పైమాటే, మాకు ఏడు కావాల్సి వచ్చాయి. ప్రతి పేజీ అడుగున కొన్నవాడి పేరు అచ్చేసి ఉంటుంది. బొమ్మల భద్రత స్టాండర్డ్‌ల కేసులో 2024 మార్చి 5న యూరప్ కోర్టు, ఇవి చట్టంలో భాగం కాబట్టి ప్రజలకి చూసే హక్కు ఉండాలని తేల్చింది. మాకైతే ఇంకా బిల్లులే వస్తున్నాయి. ఇక్కడి ఇంజనీర్ల మధ్య తిరిగే చిట్కా ఒకటి చెబుతాను: ఎస్టోనియా స్టాండర్డ్స్ సంస్థ వెబ్‌సైట్‌లో అదే ఈఎన్, అదే ఇంగ్లిష్ పాఠం, జర్మనీ కన్నా బాగా తక్కువ ధరకి దొరుకుతుంది. లేదంటే టెక్నికల్ యూనివర్సిటీ లైబ్రరీల్లో స్టాండర్డ్‌లు చదివే గదులుంటాయి, కాగితం పెన్ను పట్టుకెళ్లండి.

రాబోయేది ఇంకా ఉంది. యూరప్ సైబర్ రెసిలియెన్స్ చట్టం ప్రకారం, దాడులకి వాడుతున్న లోపం మన వస్తువులో ఉందని తెలిస్తే 2026 సెప్టెంబర్ 11 నుంచి అధికారులకి చెప్పాలి. మిగతా నియమాల్లో చాలావరకు 2027 డిసెంబర్ 11 నుంచి. ముఖ్యమైన బాధ్యతలు తప్పితే జరిమానా 15 మిలియన్ యూరోల దాకా, లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 2.5 శాతం దాకా, రెండిట్లో ఏది ఎక్కువైతే అది. పదకొండు మంది కంపెనీకి ఆ అంకె టెన్షన్ పెట్టడానికి కూడా పనికిరాదు, అంత పెద్దది. దాని కింద 41 స్టాండర్డ్‌లు రాయమని యూరోపియన్ కమిషన్ అడిగింది. ఈసారైనా గడువు కన్నా ముందు చేతికొస్తే బాగుండు.

ఎవరికి ఈ ల్యాబ్ పనికొస్తుంది? డిజైన్ ఇంకా కదిలించే వీలున్నవాళ్లకి. అచ్చులు పోసేసి, పదివేల పీసులు ఆర్డరిచ్చి, ముద్ర కోసం వెళ్తే పెద్దాయన టేప్ ముక్క మీకు ఉపయోగపడదు. మేం మొదటి నమూనా దశలోనే ఒక పూట చాంబర్ తీసుకుని ఉంటే ఒక బోర్డు రివిజన్ మిగిలేది. వెళ్లేటప్పుడు రెండు నమూనాలు, విడి కేబుళ్లు, కోడ్ మార్చగలిగే మనిషి, ఈ మూడూ వెంట ఉండాలి. కాంటీన్ సంగతి అడగకండి, శాండ్‌విచ్ తెచ్చుకోండి.

బ్యాటరీ మోడల్ కోసం నవంబర్‌లో మళ్లీ స్లాట్ తీసుకున్నాం, ఈసారి రెండు రోజులే. కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చింది. మా కంపెనీ పేరులో ఒక అక్షరం తప్పుంది.